ఎవరి కొవ్వు వాళ్ళకే

ఆసుపత్రిలో డాక్టర్ గది. పరీక్ష బల్ల మీద తల్లి, పక్కన కుర్చీలో కూతురు.

"ఊపిరి బిగబట్టకండి. పొట్ట వదిలేయండమ్మా."

"వదిలేశానండీ."

"వదిలేశారా? మొత్తం ఇంతేనా?"

"ఇంతే. ముప్ఫై ఏళ్ళుగా ఇంతే ఉంచాను డాక్టర్ గారూ. ఎక్కడైనా ఒక్క మడత కనపడితే నా చెవి కోసేసుకుంటాను."

"మడత ఉంటే బాగుండేదమ్మా. అక్కడే చిక్కొచ్చింది."

"ఏంటీ? మడత ఉంటే బాగుండేదా?"

"అమ్మా, నీ ఒంట్లో కొవ్వు చాలదంటున్నారు."

"నువ్వాగవే. నాకు పోయింది చెంప, చెవులు కాదు. డాక్టర్ గారూ, మీరు చెప్పండి."

"మీ అమ్మాయి అన్నదే నేనూ అనేది. గడ్డ తీసినచోట గుంట చిన్నది కాదు. చెవి కింద నుంచి దవడ దాకా ఉంది. దాన్ని నింపాలంటే కొవ్వు కావాలి. ఆ కొవ్వు మీ ఒంట్లోంచే తీయాలి. పొట్ట చూశాను, తొడలు చూశాను, నడుం వెనకా చూశాను. ఎక్కడా దొరకట్లేదు."

"దొరకట్లేదట. విన్నావా అమ్మా? ఫెయిలయ్యావు."

"నోర్ముయ్. డాక్టర్ గారూ, ఇదుగో ఇది ఉందిగా."

"ఏదమ్మా?"

"ఇదే, మా అమ్మాయి. నాకు లేనిదంతా దీని దగ్గరే ఉంది. ఎక్కడ గుచ్చినా వస్తుంది. ఎంత కావాలంటే అంత తీసుకోండి, దానికీ మేలు, నాకూ మేలు."

"అలా కుదరదండీ. ఇంకొకరి కొవ్వుని మీ ఒళ్ళు ఒప్పుకోదు."

"ఇంకొకరేంటండీ! కన్నకూతురు. నా కడుపులోంచే వచ్చింది."

"అయినా సరే. ఎవరి కొవ్వు వాళ్ళకే."

"డాక్టర్ గారూ, ఆ మాట ఇంకోసారి అనరూ?"

"ఎందుకే అంత నవ్వు?"

"ఏం లేదమ్మా. నీకు ఇంత సూటిగా చెప్పినవాళ్ళు ఇన్నేళ్ళలో ఎవరూ దొరకలేదు, అందుకని."

"మీరిద్దరూ బయటికెళ్ళాక పోట్లాడుకోండి. ముందు నేను చెప్పేది వినండి. సన్నటి గొట్టం పెట్టి పొట్టలోంచి కొవ్వు లాగుతాం. రక్తం, నీళ్ళు పోయేలా తేర్చి, శుభ్రం చేసి, చెంపలో చుక్కచుక్కగా పెడతాం. ఒకే ముద్దగా పెడితే బతకదు. పొరలు పొరలుగా పెట్టాలి. అలా పెట్టినా అంతా నిలవదు, సగం దాకా ఒళ్ళే పీల్చేసుకుంటుంది. కాబట్టి రెండోసారి చెయ్యాల్సి రావచ్చు. అప్పటికీ కొవ్వు కావాలి."

"అంటే నన్నిప్పుడేం చెయ్యమంటారు?"

"తినమంటున్నాను."

"తినడమా?"

"కడుపునిండా. కనీసం ఏడెనిమిది కిలోలు పెరగాలి మీరు."

"సరే. పెరుగుతాను. మీరు తీసేసుకున్నాక మళ్ళీ నా బరువుకి నేను వచ్చేస్తాను. అదెంత పని నాకు."

"రాకూడదు."

"ఎందుకని?"

"పొట్టలో కొవ్వు చెంపలోకి వెళ్ళినా దానికి పొట్ట బుద్ధే ఉంటుందమ్మా. మీరు సన్నబడితే అదీ కరుగుతుంది. మీరు మరీ లావైతే అదీ ఉబ్బుతుంది. చెంప నిలవాలంటే ఆ బరువు నిలవాలి."

"ఎన్నాళ్ళు?"

"ఎప్పటికీ."

"ఎప్పటికీనా? అంటే... ఇక దీనిలాగానా?"

"ఆఁ. నాలాగే అమ్మా. అదే ఆవిడ చెబుతున్నది."

"మిమ్మల్ని ఒకటడుగుతాను డాక్టర్ గారూ. టీవీ వాళ్ళు పాత న్యూస్‌రీడర్లందర్నీ పిలుస్తున్నారు. వాళ్ళ స్టేషన్ మొదలై నలభై ఏళ్ళట. ఒక్కొక్కరం మళ్ళీ ఆ బల్ల ముందు కూర్చుని ఐదు నిమిషాలు వార్తలు చదవాలట. దానికింకా ఆర్నెల్లుంది. ఈలోపు అవుతుందా?"

"వాపు తగ్గడానికే నెల పైన పడుతుంది. మీరు ఇవాళ్టి నుంచే తింటే ఒక ఆపరేషన్ అవుతుంది. కెమెరా ముందు కూర్చునేలా చేస్తాను. కానీ తినాలి."

"తింటుందండీ. నేను తినిపిస్తాను. మా ఇంట్లో పెట్టుకుని మరీ తినిపిస్తాను. కింద బేకరీ నాదే."

"మీ ఇంట్లోనా? పదేళ్ళ నుంచీ నన్ను గడప తొక్కనివ్వలేదు నువ్వు."

"ఇప్పుడు తొక్కు."

కూతురి ఇల్లు. బేకరీ పైన వంటిల్లు. నాలుగో నెల. ముందురోజే డాక్టర్‌కి చూపించుకుని వచ్చారు.

"ఎవరే ఫోన్లో?"

"డాక్టర్ గారు."

"ఏమంటారు?"

"చాలదట."

"చాలదా? నిన్న ఆవిడ నొక్కి చూసినప్పుడు..."

"చూసినప్పుడు ఏమన్నారు? నేను కారు పెట్టి వచ్చేసరికి నువ్వు బట్టలు సర్దుకుంటున్నావు."

"ఏమీ అనలేదు. నొక్కి చూశారు, అంతే."

"మరి చాలదట. ఇంకో రొట్టె ముక్క తీసుకో."

"వద్దే. ఇందాకే తిన్నాను."

"ఇందాక తిన్నది ఇందాకటికి. వెన్న రాసుకో. అలా పైపైన కాదు, కత్తికి అంటించి తుడిచినట్టు రాస్తున్నావు. ఇలా ఇవ్వు నేను రాస్తాను."

"కక్కొస్తుందే."

"కక్కితే మళ్ళీ పెడతాను. నాకేం, కిందంతా కేకులే."

"నీ కేకుల్లో పంచదార ఎక్కువ, పస తక్కువ."

"అదీ నోరంటే. దవడ సగం పోయినా నోరు మాత్రం నిలిచింది. తిను. ఆఁ, ఇంకొంచెం పెద్ద ముక్క. అబ్బ, నువ్వు తింటుంటే చూడ్డానికి ఎంత అసహ్యంగా ఉందో తెలుసా?"

"ఆ మాట నాదే."

"నీదే. అప్పు తీరుస్తున్నాను. 'నువ్వు తింటుంటే చూడ్డానికి ఎంత అసహ్యంగా ఉందో తెలుసా, తలుపేసుకుని తిను' అన్నావు. నేను మూడో తరగతి. వంటింట్లో తలుపేసుకుని, చీకట్లో తిన్నాను. లైటు వేస్తే కిటికీ అద్దంలో నేనే కనబడతానని."

"నీ మంచికే అన్నాను."

"నా మంచికే నా ప్లేటు లాగేసుకున్నావు. నా మంచికే స్కూల్లో అందరూ కేకు తింటుంటే, దానికి పెట్టకండి అని టీచరుకి చెప్పి వచ్చావు. టీచరు అందరి ముందూ చెప్పింది. ఎవరికి మేలైందమ్మా? చూడు నన్ను. ఏమైనా తగ్గానా?"

"తగ్గలేదు. ఇంకా ఊరావు."

"ఊరాను. నిన్ను చూసి ఊరాను. లే, బరువు మిషను ఎక్కు."

"పొద్దున్న ఎక్కాను కదే."

"పొద్దున్న ఎక్కింది పొద్దున్నకి. ఎక్కు. చెప్పులు విడిచి. కోటు తీసి."

"కోటెందుకే? చలిగా ఉంది."

"కోటు బరువు లెక్కలోకి రాదు. తియ్యి. అది అసలు పడుతోందా నీకు? గుండీలు పెట్టుకోవడం ఎప్పుడో మానేశావు, నేను చూడట్లేదనుకున్నావు."

"చూసి నవ్వుకుంటున్నావని తెలుసు."

"నవ్వుకోవట్లేదు. నీలాగా పైకే నవ్వుతాను నేను. గుర్తుందా, ఆ రోజు? మనింటి నిండా చుట్టాలు. హాల్లో మధ్యలో ఈ మిషనే పెట్టి నన్ను ఎక్కించావు. అంకెలు కనపడే అద్దానికి చెయ్యి అడ్డం పెట్టి, 'ఎంతుంటుందో చెప్పండి చూద్దాం, సరిగ్గా చెప్పినవాళ్ళకి రెండో కప్పు కాఫీ' అన్నావు."

"ఏదో సరదాకి..."

"మామయ్య ఒక అంకె, పిన్ని ఒక అంకె, పక్కింటాయన వేలంపాటలో పాడినట్టు ఇంకో అంకె. అందరూ తక్కువే చెప్పారు. నువ్వు చెయ్యి తీశావు. అందరూ ఒక్కసారిగా నోరు తెరిచారు చూడు..."

"నువ్వు కూడా నవ్వావు."

"నవ్వాను. నవ్వకపోతే ఏడ్చేదాన్ని. ఏడిస్తే నువ్వు, 'దీనికి రోషం కూడానా' అనేదానివి. సరే, ఇప్పుడు మనం ఆడదాం."

"ఏం ఆడదాం?"

"అదే ఆట. కింద బేకరీలో పనిచేసే ఆడవాళ్ళిద్దరూ ఖాళీగానే ఉన్నారు. ఏమండోయ్! ఇద్దరూ ఒక్కసారి పైకి రండి!"

"వద్దే! ఒసేయ్, నీ కాళ్ళు పట్టుకుంటాను. నా మొహం ఎవరికీ చూపించలేదే నేను. ఈ గుంటతో ఎవరి ముందుకీ రాలేదు."

"గుడ్డ కట్టుకో. ఇదుగో, గిన్నెలు తుడిచేది శుభ్రంగానే ఉంది. మొహం ఎవడిక్కావాలి? వాళ్ళు చూసేది పొట్ట."

"నన్ను తిట్టు. కొట్టు. వాళ్ళని పిలవకు."

"వచ్చేశారుగా. రండి రండి. ఇదుగో మా అమ్మ. ఒకప్పుడు టీవీలో వార్తలు చదివేది, మీ ఇళ్ళల్లో కూడా చూసే ఉంటారు. ఇప్పుడెంత బరువుందో చెప్పండి. సరిగ్గా చెప్పినవాళ్ళు ఇవాళ పెద్ద కేకు ఇంటికి పట్టుకెళ్ళచ్చు."

"మాకెందుకండీ మేడమ్, పెద్దావిడ... బాగోదు."

"బాగుంటుంది. చెప్పండి. మా అమ్మకి ఈ ఆటంటే ఇష్టం. కదమ్మా?"

"ఊఁ."

"గట్టిగా చెప్పు, గుడ్డలోంచి వినపడట్లేదు. వార్తలు చదివినట్టు చెప్పు."

"ఇష్టం. చెప్పమ్మా, ఏం ఫరవాలేదు. చెప్పు."

"అరవై... ఉంటారేమోనండీ?"

"అరవై! వింటున్నావా అమ్మా? ఒక్కొక్క గింజ లెక్కపెట్టుకుని తిని కాపాడుకున్న ఒళ్ళు. అరవై అనిపిస్తున్నావట. చెయ్యి తీస్తున్నాను చూడండి. ఇదుగో! అయ్యో, ఆవిడ దయ తలచి తక్కువే చెప్పింది."

అదే ఇల్లు. రెండు నెలల తర్వాత ఒక సాయంత్రం. టీవీ ముందు ఇద్దరూ.

"ఆపెయ్యవే."

"ఎందుకు ఆపాలి? నీ ప్రోగ్రామేగా. ఆర్నెల్లుగా ఎదురుచూశావు."

"నేను లేని ప్రోగ్రాం నాదెలా అవుతుంది?"

"నువ్వు లేకపోతేనేం, నీ కుర్చీ ఉందిగా. ఈవిడెవరు? నీలం కోటు?"

"ఆవిడే."

"ఆవిడే అంటే?"

"నా కుర్చీలో కూర్చున్నది. ఇవాళ కాదు. అప్పుడు."

"ఓహో. బాగుందే ఈవిడ. ఈ వయసులో కూడా రెండు చెంపలూ ఎంత సమానంగా ఉన్నాయో! సౌండు పెంచనా?"

"పెంచు. నీ సరదా ఎందుకు కాదనాలి?"

"చక్కగా చదువుతోంది."

"ఏం చక్కగా? అక్కడ ఊపిరి తీసుకోకూడదు. వాక్యం సగానికి విరిగిపోయింది. చూడు, మళ్ళీ. నేనైతే ఆ చివరి మాట దాకా లాగి, అప్పుడు ఆపేదాన్ని."

"నువ్వైతే గుడ్డ కట్టుకుని చదివేదానివి."

"ఆ గుడ్డ ఇలా ఇవ్వు."

"ఏడుస్తున్నావా? ఏడవకు, తిను. బిస్కట్లు మెత్తబడిపోతాయి."

"నువ్వు కడుపులో ఉండగా ఏడో నెల దాకా చదివానే నేను."

"మొదలెట్టావూ."

"బల్ల అడ్డం ఉండేది, ఎవరికీ తెలిసేది కాదు. నువ్వు పుట్టాక తిరిగి వెళ్ళాను. చెంపలు ఉబ్బి ఉన్నాయి. కెమెరా అతను అందులోంచి చూసి, 'మేడమ్, మొత్తం మీరే నిండిపోయారు, వార్తలకి చోటు లేదు' అన్నాడు. అందరూ నవ్వారు."

"నువ్వు?"

"నేనూ నవ్వాను."

"బాగుంది."

"ఆ సాయంత్రం ఈవిడ చదివింది. ఒక్కరోజుకే అన్నారు. ఇంటికొచ్చి చూస్తే నువ్వు ఉయ్యాల్లో పడుకుని ఉన్నావు. ఎంత బొద్దుగా ఉన్నావో. మెడ లేదు, మణికట్టు లేదు, అన్నీ మడతలే. అందరూ ముద్దొస్తోందన్నారు. నాకేమో అదంతా నా ఒంటి మీద నుంచి దిగి నీ మీదకి ఎక్కినట్టు కనిపించింది."

"అందుకని నన్ను కరిగిద్దామనుకున్నావు."

"అనుకున్నాను. నేను పదేళ్ళు కడుపు మాడ్చుకున్నాను, తిరిగి తీసుకున్నారు. తెల్లారుజామున, ఎవరూ లేవకముందు వచ్చే బులెటిన్ ఇచ్చారు. అదైనా దక్కింది కదా అనుకున్నాను. నీకు ఏమీ దక్కదేమోనని..."

"ఇది క్షమాపణా?"

"కాదు."

"కాదు కదా. నేనూ అదే అనుకున్నాను. నన్నెవరూ ఎప్పుడూ క్షమాపణ అడగలేదు, అదెలా ఉంటుందో తెలియక అడిగాను. నాన్న నాకు జేబులో బన్ను దాచి తెచ్చేవాడు, తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలుసా?"

"జేబు నిండా పొడి ఉండేది. చొక్కాలు ఉతికింది నేను కాదూ?"

"మరి ఒక్కరోజూ అనలేదే?"

"బన్ను తిన్న రోజు ఏడవకుండా పడుకునేదానివి."

"అబ్బో. అంత దయ ఉంటే ప్లేటు ఎందుకు లాగేశావు? వద్దు, చెప్పకు. నీ మెత్తమాటలు నాకు అరగవు. చూడు చూడు, అందరూ లేచి దండం పెడుతున్నారు. ఆవిడకి పూలగుత్తి ఇచ్చారు. అదుగో, ఖాళీగా ఉన్న ఆ చివరి కుర్చీ నీదేనేమో. కొట్టు, చప్పట్లు కొట్టు అమ్మా. చేతులకేం కాలేదుగా నీకు."

బేకరీ. మరో రెండు వారాలకి. గాజు అరల అవతల కూతురు, వెనక గల్లాపెట్టె దగ్గర ముఖానికి గుడ్డతో తల్లి. డాక్టర్ లోపలికి వచ్చింది.

"ఇదేనా మీ బేకరీ! వాసనకే ఆకలేస్తోంది. మా బాబు పుట్టినరోజు, కేకు కోసం వచ్చాను. అరె, అమ్మగారు కూడా ఇక్కడే ఉన్నారే! ఎలా ఉన్నారమ్మా?"

"బాగున్నాను డాక్టర్ గారూ."

"ఇంత ఒళ్ళు చేశారేంటి? ఇంత అక్కర్లేదే మనకి."

"డాక్టర్ గారూ, కేకు ఎంతమందికి కావాలి? ఇటు రండి, ఇటువైపు కొత్తవి ఉన్నాయి..."

"ఉండండి, చూస్తాను. అమ్మా, మీకు ఆపరేషన్ ఇష్టం లేకపోతే నాకొక మాట చెప్పాల్సింది. నేను రెండు నెలల కిందటే సరిపోయిందని మీ అమ్మాయికి ఫోన్ చేశాను. తేదీ కూడా ఇచ్చాను, మీ టీవీ ప్రోగ్రాంకి అందేలా. మీరు ఇప్పుడే వద్దన్నారని చెప్పారు. మళ్ళీ చేస్తే మళ్ళీ వద్దన్నారు. భయపడ్డారా మీరు?"

"డాక్టర్ గారూ, అది... నేను చెబుతాను..."

"నేనే వద్దన్నానండీ."

"మీరేనా?"

"నేనే. దీని తప్పేం లేదు. కత్తి అంటే భయం వేసింది. ఒకసారి గడ్డ తీసినప్పుడు పడిన బాధ చాలదా అని. ఇదేమో ఎంతో నచ్చజెప్పింది."

"భయమెందుకమ్మా, గడ్డ ఆపరేషన్‌కీ దీనికీ పోలికే లేదు. చూడండి, సోమవారం పొద్దున ఖాళీ దొరికింది, ఒకరు రాలేమన్నారు. మళ్ళీ ఇంత తొందరగా దొరకదు, నేను చాలారోజులు ఊళ్ళో ఉండను. ఇద్దరూ ఒకమాట అనుకుని చెప్పండి. ఈలోపు నేను కేకు ఏదో తేల్చుకుంటాను. ఆ చివరి అరలో ఉన్నవేనా?"

"అవేనండీ. చూస్తూ ఉండండి, వస్తాను."

"తొందరేం లేదు."

"అమ్మా. ఇటు రా. ఆవిడకి అబద్ధం ఎందుకు చెప్పావు?"

"నువ్వు నాకు చెప్పలేదా?"

"మెల్లగా మాట్లాడు. అడుగు మరి. ఎందుకు దాచావే అని అడుగు."

"అడగను."

"అడుగమ్మా! కావాలనే దాచాను. మిషను ఎక్కి నువ్వు నా మొహంలోకి చూస్తావు చూడు, సరిపోయిందా అని. ఆ చూపు కోసం దాచాను. అలా నేను నీ మొహంలోకి ఎన్నేళ్ళు చూశాను? ఒక్కసారైనా సరిపోయిందన్నావా?"

"అనలేదు."

"అందుకని నేనూ అనలేదు. నీ ఐదు నిమిషాలూ పోయాయి. నీ కుర్చీ ఖాళీగా ఉంది. నేనే పోగొట్టాను. తిట్టు ఇప్పుడు. నీ నోరేమైంది?"

"నువ్వు పోగొట్టలేదు."

"మరెవరు?"

"ఆ రోజు నువ్వు కారు పెట్టడానికి వెళ్ళావు చూడు. అప్పుడే డాక్టర్ చెప్పింది. ఇక చాలమ్మా, సరిపోయింది, మీ అమ్మాయితో మాట్లాడి తేదీ పెడతానని."

"ఆ రోజేనా?"

"ఆ రోజే."

"అంటే మర్నాడు నేను చాలదట అన్నప్పుడు..."

"అబద్ధమని తెలుసు."

"తెలిసి తిన్నావా?"

"తిన్నాను."

"తెలిసి మిషను ఎక్కావా? వాళ్ళిద్దరి ముందూ? గుడ్డ కట్టుకుని? నా కాళ్ళు పట్టుకుంటానన్నావు, అప్పుడైనా ఒక్కమాట అంటే అయిపోయేదిగా! ఆవిడ నీ కుర్చీలో కూర్చుని చదువుతుంటే కూర్చుని చూశావా, తెలిసి?"

"చూశాను. బాగా చదవలేదు."

"పిచ్చా నీకు? ఎందుకు? చెంప వచ్చేస్తే ఇంట్లోంచి పంపేస్తాననా?"

"పంపేస్తావని తెలుసు. అందుక్కాదు."

"మరెందుకు?"

"నువ్వు నన్ను అనాల్సినవి ఇంకా అవలేదు కదే. ముప్ఫై ఏళ్ళవి. మధ్యలో లేచి వెళ్ళిపోతే బాగోదని కూర్చున్నాను. నీకు అయ్యాక చెబుదామనుకున్నాను."

"ఏమండీ, నాకు ఇదే నచ్చింది, ఈ తెల్లది. దీని మీద పేరు రాయించండి. అమ్మగారూ, ఏమనుకున్నారు మరి? సోమవారం ఖాయమేనా?"

"దాన్నే అడగండి డాక్టర్ గారూ. అది ఎలా అంటే అలా. చెప్పవే, ఆవిడ అడుగుతున్నారు."

"డాక్టర్ గారూ..."

"చెప్పండి."

"సోమవారం వద్దండీ. ఇంకా అవలేదు."